పంక్తిలోనే దిద్దండి

పెళ్లి భోజనాల దగ్గర ఎవరైనా తప్పు మాట అంటే, చేతులు కడుక్కున్నాక పక్కకు పిలిచి చెబుదామని ఆగకండి. ఆ మర్యాద నాకు ఏనాడూ మింగుడుపడలేదు. తప్పు పదిమంది చెవిన పడింది, మీరు చాటుగా దిద్దేది ఒక్కరినే. మిగతా తొమ్మిదిమంది దాన్ని మూటగట్టుకుని ఊళ్లకు పోతారు. పప్పు వడ్డించేలోపే అనెయ్యండి.

మా పిన్ని కూతురి పెళ్లిలో విస్తళ్లు వెయ్యగానే మైకులో ‘వివాహ భోజనంబు’ పెట్టారు. పెళ్లికొడుకు పెదనాన్నగారు మురిసిపోయి, ఘంటసాల గొంతే గొంతన్నారు. నేను ఆయనకు నాలుగు ఆకుల అవతల ఉన్నాను. ‘మామయ్యగారూ, అది మాధవపెద్ది సత్యం గారు పాడారండీ’ అన్నాను, అందరికీ వినపడేలా. 1957 నాటి మాయాబజార్‌కు సంగీత దర్శకుడు ఘంటసాలే కాబట్టి పొరపడటం సహజం. కానీ అలా ఊరుకుంటే పాడినాయన పేరు ఏమైపోవాలి? ఆయన తరఫున మాట్లాడేవాళ్లు ఆ పంక్తిలో ఇంకెవరున్నారు?

కొన్నిటికి కాస్త సమయం పడుతుంది. మా తమ్ముడు ఊరమిరపకాయ కొరుకుతూ, మన కారం వేదకాలం నాటిదన్నాడు. అలాంటప్పుడు సాంబారు బకెట్టుతో వచ్చే అబ్బాయిని చేత్తో ఆపి మొత్తం చెప్పాలి. మిరప పుట్టింది అమెరికా ఖండాల్లో. 1498లో వాస్కోడగామా వచ్చాక, పోర్చుగీసువాళ్ల ఓడల్లో మన రేవుల్లో దిగింది. అంతకుముందు మన వంటల్లో ఘాటు మిరియాలది, పిప్పళ్లది.

వయసు చూసి వెనకాడకండి. పిల్లలు నమ్మేది పెద్దల మాటే గనక ముందు దిద్దవలసింది వాళ్లనే. పొట్టి శ్రీరాములు ఆంధ్రప్రదేశ్ కోసం ప్రాణం ఇచ్చారని ఒక తాతగారు మనవడికి చెబుతున్నారు. ఆయన 1952 డిసెంబరు 15న పోయారు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ వచ్చింది 1956 నవంబరు 1న. తాతగారి ముందే మనవడి చేత ఈ మూడు తేదీలూ రెండుసార్లు చెప్పించాను.

పురోహితుడి మంత్రాల జోలికి మాత్రం వెళ్లను, నాకు సంస్కృతం రాదు.

అలుగుతారు, నిజమే. ఆ రోజు మామయ్యగారు పెరుగు వడ్డించకముందే లేచిపోయారు. మా పిన్ని ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటుంది. సత్యం గారి పేరు మాత్రం ఆ పంక్తిలో అందరూ విన్నారు.