కాక్‌పిట్ మామ

జల్‌పల్లిలో మా మేనమామ ఇంటి మేడమీద గదిలో ఒక విమానం ఉంది. రెక్కల్లేవు, తోక లేదు, ఇంజను లేదు. ఉన్నదల్లా యోకు, అదే, పైలట్ చేతిలో ఉండే స్టీరింగు. కంప్యూటర్‌లో విమానం నడపడానికి చేస్తున్నాడు. కరెంటాఫీసులో రిటైరైనప్పటి నుంచి చేస్తూనే ఉన్నాడు.

2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ బేగంపేట వదిలి శంషాబాద్‌కు వచ్చింది తనను వెతుక్కుంటూనే అని ఆయన నమ్మకం. పైన మోత వినబడితే చాలు, కంచంలోంచి తలెత్తకుండానే "గేర్ దింపిండు" అంటాడు. పైకెళ్లి చూసొచ్చేవాళ్లు లేరు కాబట్టి ఇంతవరకు ఆయన మాట తప్పు పోలేదు.

ఇలాంటి మనిషి మీ చుట్టాల్లోనూ ఒకరుంటారు. వీళ్ల మోజంతా ఏ స్విచ్ పెట్టాలో తేల్చకపోవడంలోనే ఉంటుంది. మామ యోకు మొండెం మాత్రం చిటికెలో తయారు. యోకు ముందుకూ వెనక్కూ జరగడానికి టేబుల్ సొరుగు చానళ్లు బిగించాడు, వదిలేస్తే మళ్లీ మధ్యకు రావడానికి బండి వెనక సామాను కట్టే రబ్బరు తాడు కట్టాడు. ఒక్క ఆదివారంలో అయిపోయింది. ఆ తర్వాత మొదలైంది భాగోతం.

యోకు ఎంత తిరిగిందో కంప్యూటర్‌కు తెలియాలంటే లోపల ఒక పాట్, అదే, పొటెన్షియోమీటర్ ఉండాలి. పాత రేడియోలోంచి వాల్యూమ్ పాట్ పీకి పెట్టాడు. చాలాదూరం తిప్పినా విమానం ఉలకదు, పలకదు. ఆపైన వెంట్రుకవాసి కదిపితే బోర్లా పడుతుంది. రేడియో పాట్‌ను మనిషి చెవికి తగ్గట్టు చేస్తారు, మొదట్లో నెమ్మదిగా, చివర్లో గబగబా పెరుగుతుంది. విమానానికి కావలసింది మొదటి నుంచి చివరి దాకా సమానంగా పెరిగే 'బి10కె'. సరే, తెచ్చాడు. తెచ్చాక కొత్త బెంగ పట్టుకుంది. పాట్ 300 డిగ్రీలు తిరుగుతుంది, యోకు అటు 90, ఇటు 90. పాట్‌కూ కంప్యూటర్‌కూ మధ్యనుండే బోర్డు లెక్కగట్టే 1024 మెట్లలో ఆరువందల చిల్లరే పనికొస్తున్నాయి.

"మిగిలిన నాలుగొందలు ఏం జెయ్యాలె రా అల్లుడా?" అని అర్ధరాత్రి ఫోను.

పళ్లచక్రాలన్నాడు. కాదు, అయస్కాంతంతో పనిచేసే హాల్ సెన్సార్ అన్నాడు, రాపిడి ఉండదు కాబట్టి అరగదట. ఒక్కసారి కూడా ఎగరనిదానికి అరుగుదల ఎక్కడిది మామా అంటే అత్తమ్మ నవ్వింది, ఆయన నవ్వలేదు.

ఇక బటన్ల కోసం కోఠి గుజరాతీ గల్లీ. అక్కడ ఆయన స్విచ్‌లకు పెళ్లిచూపులు పెడతాడు. ఒక్కొక్కదాన్ని చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, టిక్కు, టిక్కు. "ఇది మెత్తగున్నది. ట్రిమ్‌కు పనికిరాదు." టిక్కు. "ఇది గట్టిది, ఆటోపైలట్ తీసెయ్యడానికి బాగుంటది. ఎర్రది ఉన్నదా?" దుకాణదారుడు ఒకసారి ఉండబట్టలేక, "కొంటావా సాబ్, వాయిస్తావా?" అన్నాడు. పక్కన నిలబడి నేనూ రెండు వాయించాను. ఆ శబ్దంలో ఏదో సుఖం ఉంది, కాదనను.

పదహారు బటన్లను ఎనిమిది తీగలతో నడిపే పద్ధతి ఉంది, నాలుగు వరసలు, నాలుగు నిలువులు. డయోడ్లు పెట్టకపోతే మూడు కలిపి నొక్కినప్పుడు ఒక్కోసారి నాలుగోది దానంతటదే నొక్కుకుంటుంది. మామ పెట్టలేదు. ఒక సాయంత్రం తెరమీద ఎవరూ ముట్టుకోని చక్రాలు పైకి ముడుచుకోవడం చూసి అత్తమ్మ పైనుంచి దిగొచ్చి దిష్టి తీయించింది. విమానానికి కాదు, ఆయనకు.

చక్రాలంటే గుర్తొచ్చింది. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికన్ పైలట్లు దిగాక రెక్కల వెనకుండే ఫ్లాప్స్ ఎత్తబోయి చక్రాలెత్తేసి విమానాలను నేలకు ఆనించేస్తుంటే, ఆల్ఫాన్స్ చపానిస్ అనే మానసిక శాస్త్రవేత్త, ఆ రెండు మీటలూ పక్కపక్కనే ఒకేలా ఉండటమే కారణమని పట్టుకున్నాడు. మీటల కొసలను చేతికి తేడా తెలిసేలా మార్చారు, గేర్‌కు చక్రం ఆకారం, ఫ్లాప్స్‌కు రెక్క ఆకారం. ఇప్పటికీ అంతే. ఈ ముక్క మామ చెవిన వేసింది నేనే. వారం తిరక్కుండా మీటకు చక్రం వచ్చింది. అత్తమ్మ మాత్రం మూడు చక్రాల సూట్‌కేసును ఈడ్చుకుంటూ చెల్లెలి కూతురి పెళ్లికి వెళ్లింది.

ఆయన దగ్గర ఎత్తకూడని పేరు ఒకటుంది, ఎయిర్‌బస్. ఏ320లో యోకే ఉండదు, పైలట్ పక్కన చిన్న కర్ర ఉంటుంది. మన నెత్తిమీద తిరిగేవాటిలో అవే బోలెడు. ఆ మాట అంటే మామ ముఖం గంటు పెట్టుకుని, "అది ఇమానమా? వీడియో గేము!" అంటాడు, కంప్యూటర్ ముందు కూర్చుని.

మొన్న ఎట్టకేలకు శంషాబాద్ నుంచి బేగంపేటకు ఎగురుదామన్నాడు. పిలిస్తే వెళ్లాను, పక్కింటి పిల్లగాడూ వచ్చాడు. మామ ఎడమ సీట్లో కూర్చున్నాడు, కెప్టెన్ కదా. రన్‌వే మీద పరుగు మొదలైందో లేదో, "ఆగు, ట్రిమ్ బటన్ బొటనవేలికి అందుతలేదు" అని విమానం ఆపేసి స్క్రూడ్రైవర్ తీశాడు. ఆయన విప్పుతుండగానే పిల్లగాడు కీబోర్డు ముందుకు లాక్కుని, నాలుగు మీటలతో లేపి, హుస్సేన్‌సాగర్ చూపించి, బేగంపేటలో మెత్తగా దించేశాడు.

మామ అదంతా నిశ్శబ్దంగా చూశాడు. తర్వాత వాడి ముందున్న కీబోర్డు తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఒక మీట నొక్కాడు. మళ్లీ నొక్కాడు. "ఇది బాగున్నది రా," అంటూ వెనక్కి తిప్పి స్క్రూలు వెతకసాగాడు. మామా, అది నాది అని నేననేలోపు రెండు ఊడొచ్చాయి.