తాటిచెట్టుపై అభ్యంతరం

కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో తెలియని రోజుల్లో మన జనం చాలా హాయిగా ఉన్నారు. ‘బాహుబలి’ సినిమా మొదటి భాగం 2015 జులై 10న వచ్చింది, రెండోది 2017 ఏప్రిల్ 28న. మధ్యలో ఇరవై రెండు నెలలకు కాస్త తక్కువ. అంత కాలంలో ఆ సినిమా కథ రాసిన విజయేంద్రప్రసాద్ లాంటివాడు ఇంటికొకడు తయారయ్యాడు. పెళ్లి భోజనాల్లో సాంబారు వచ్చేలోపు ఒక కథ, పెరుగు వచ్చేలోపు ఇంకో కథ. పోయింది అసలు బాహుబలి కాదు, డూపని ఒకడన్నాడు. బాహుబలే కావాలని పొడిపించుకున్నాడని ఇంకొకడన్నాడు. రెండో భాగానికి డబ్బుల్లేక అక్కడ ఆపేశారు, అంతకు మించి ఇందులో ఏమీ లేదని లోకజ్ఞానం గలవాళ్లు తేల్చేశారు.

అప్పుడు రెండో భాగం వచ్చి అందరి కథలూ కొట్టేసి ఒకే కథ చెప్పింది. సీక్వెల్‌తో వచ్చే తంటా ఇదే. మొదటి సినిమాకు మనం ఉత్త చేతులతో వెళ్తాం. రెండోదానికి, జవాబు పత్రాలు దిద్దే మేస్టారిలా, సరైన జవాబు ముందే రాసిపెట్టుకుని వెళ్తాం. తెర మీద జవాబు మనదానితో కలిస్తే ‘ముందే ఊహించేశాం, ట్విస్టేముంది’ అంటాం. కలవకపోతే ‘దీనికోసమా ఇన్నాళ్లు ఆగింది’ అంటాం. దర్శకుడు రాజమౌళికి ఈ రెండింట్లో ఏ మార్కులు నచ్చుతాయో ఆయనే చెప్పుకోవాలి.

విడుదలకు ముందే సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చినవాడు కట్టప్పే. దేశమంతా ఆయన్ని బాహుబలి సంగతి అడుగుతుంటే, కర్ణాటకలో కొన్ని సంఘాలు కావేరి సంగతి అడిగాయి. కట్టప్ప వేషం వేసిన సత్యరాజ్ అంతకు తొమ్మిదేళ్ల కిందట ఏదో అన్నారట, కాబట్టి బొమ్మ ఆడనివ్వం అన్నారు. ఆయన వీడియోలో విచారం చెప్పారు, దర్శకుడు కన్నడంలో బతిమాలుకున్నారు, బొమ్మ ఆడింది. చూడని సినిమా మీద అభిప్రాయం ఉండటంలో మనం ఒంటరివాళ్లం కాదని అప్పుడే నాకు కొంత ధైర్యం వచ్చింది.

ఇక విడుదల. ఆంధ్రప్రదేశ్‌లో రోజుకు ఆరు ఆటలకు అనుమతి ఇచ్చారు. అమెరికాలో ముందురోజు సాయంత్రమే ప్రీమియర్లు పడ్డాయి. అంటే డల్లాస్‌లో మన బావమరిది ఇంటర్వెల్‌లో పాప్‌కార్న్ తింటూ పంపిన తీర్పు, ఇక్కడ మనం పళ్లు తోముకునేలోపే వచ్చేసింది. ‘ఫస్టాఫ్ చింపేశాడు, సెకండాఫ్ కొంచెం ల్యాగ్.’ ఈ వాక్యాన్ని మీరు ఎక్కడో విన్నారు. ఇంటర్వెల్ కనిపెట్టిన దగ్గర్నుంచీ ఇది ఉంది. సెకండాఫ్ చూడకుండానే ఇది చెప్పొచ్చన్నదే దీని గొప్పతనం.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మొదటి ఆట వదిలినప్పుడు చూడాలి. గేటు బయట మైకులు వరసగా నిలబడి ఉంటాయి. మూడు గంటలు గొంతు చించుకున్న కుర్రాడు ఒకడు బయటికొచ్చి, చొక్కా సర్దుకుని, జుట్టు వెనక్కి దువ్వుకుని, మైకు చూడగానే గంభీరంగా మారిపోతాడు. ‘గ్రాఫిక్స్ పరంగా చూసుకున్నట్లైతే...’ అని మొదలుపెడతాడు. ఇందాక విజిల్ వేసింది వీడేనా అనిపిస్తుంది. ఆ ‘పరంగా’ అన్న మాట రాకపోతే మనదగ్గర సినిమా విశ్లేషణ ఒక్క అడుగు ముందుకు పడదు. కథ పరంగా, ఎమోషన్ పరంగా, ఎలివేషన్ పరంగా. పక్కనున్నవాడు మైకులోకి తల దూర్చి ‘అన్నా, బొమ్మ బ్లాక్‌బస్టర్’ అని అరిచి మాయమైపోతాడు. నా దృష్టిలో నిజాయితీగా మాట్లాడింది వాడొక్కడే.

చదువుకున్నవాళ్లు ఇలా అరవరు, రేటింగ్ ఇస్తారు. ఐదుకు మూడుంపావు. ఆ పావు ఎక్కడిదో ఎవరూ చెప్పరు. మూడు ఇస్తే అభిమానులు తిడతారు, మూడున్నర ఇస్తే తోటి మేధావులు నవ్వుతారు, పావు ఇస్తే ఇద్దరూ అర్థంకాక ఊరుకుంటారు. వారం గడిచాక ఆ పావుకూ పనిలేకుండా పోయింది. కలెక్షన్లు మాట్లాడటం మొదలుపెట్టాయి. భారతీయ సినిమాల్లో మొదటిసారిగా వెయ్యి కోట్ల గ్రాస్ దాటిందనగానే, ‘కథ లేదు’ అన్నవాళ్లంతా ‘నేను మొదటి రోజే చెప్పాను కదా’ అన్నారు. చెప్పింది ఏమిటో గుర్తుచేయడం మర్యాద కాదు. తమ అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ ఎంతో భార్యను అడిగి చెప్పేవాళ్లు కూడా నైజాం షేర్ ఎంత, సీడెడ్ ఎంత, ఉత్తరాంధ్ర ఎంత అని పైసలతో సహా చెప్పారు. అందులో ఒక్క పైసా తమకు రాకపోయినా, ఉత్తరాంధ్రలో కాస్త తగ్గిందని తెలిసి ఆ పూట సరిగ్గా అన్నం తినలేకపోయారు.

ఇంతటి విజయంలోనూ ఒక్క అభ్యంతరం మాత్రం చావలేదు. తాటిచెట్టు.

చూడనివాళ్లు ఉండరు, అయినా చెబుతాను. క్లైమాక్స్‌లో మాహిష్మతి కోటలోకి దూరాలి. తలుపులు మూసేశారు. మహేంద్ర బాహుబలి సైనికుల్ని తీసుకుని చెట్లెక్కుతాడు. చెట్టును వెనక్కి వంచి, డాళ్లు పట్టుకుని గుంపుగా కూర్చుని, ఒక్కసారి వదిలేస్తే చెట్టు నిటారుగా లేచి వాళ్లను ఆకాశంలోకి విసురుతుంది. గాలిలోనే డాళ్లన్నీ దగ్గరికి చేరి బంతిలా మూసుకుంటాయి. ఆ బంతి గోడ దాటి లోపల పడి విచ్చుకుంటుంది. అందులోంచి హీరో.

తొమ్మిదో తరగతి తర్వాత భౌతికశాస్త్రం మొహం చూడనివాళ్లకు ఆ రాత్రి న్యూటన్ గుర్తొచ్చాడు. ఒక్కో మనిషి బరువెంత, డాలు బరువెంత, ఎంత కోణంలో వదిలితే ఎంత దూరం పోతారు, దిగినప్పుడు మోకాళ్లు ఏమవుతాయి? అసలు అది తాటా, కొబ్బరా, ఖర్జూరమా అని ఇంకో తగాదా. గోదావరి జిల్లాల నుంచి వచ్చిన నిపుణులు ఈ విషయంలో మెట్టు దిగలేదు. తాడి ఛస్తే వంగదు, కొబ్బరి కాస్త వంగినా అలా లేవదు, పోకచెట్టు అయితే మాత్రం ఒప్పుకుంటామన్నారు. పోకచెట్టు నిజంగానే వంగుతుంది. ఎక్కినవాడు కిందికి దిగకుండా ఊగి పక్క చెట్టును అందుకుంటాడు. కాబట్టి రాజమౌళి చేసిన తప్పు భౌతికశాస్త్రంలో కాదు, ఉద్యానశాఖలో.

ఇదే సినిమాలో హంస ఆకారంలో ఉన్న పడవ నీళ్లు వదిలేసి మబ్బుల్లోకి వెళ్తుంది. దానికి ఎవరూ నోరెత్తలేదు. అది పాటలో జరిగింది. పాటలో జరిగినదానికి లెక్క అడగకూడదన్నది మన సినిమా రాజ్యాంగం. కొమ్ములకు మంటలు కట్టిన ఎద్దులు శత్రువుల మీద పడ్డా, ఒక్క వింటి మీద మూడేసి బాణాలు పోయినా చప్పట్లే. మహేంద్ర తండ్రి అమరేంద్ర బాహుబలి మదమెక్కిన ఏనుగును దారికి తెస్తే దండం పెట్టాం. తాటిచెట్టు మీదే కక్ష కట్టాం. నా అనుమానం ఏమిటంటే, ఏనుగుతో మనకు పరిచయం లేదు, తాటిచెట్టు మాత్రం ఊరి చివర కనబడుతూనే ఉంటుంది. మనకు బాగా తెలిసినదాన్ని ఎవరైనా గొప్పగా చూపిస్తే మనకు నచ్చదు.

పాతతరం ఈ గొడవలో పెద్దమనిషి పాత్ర పోషించింది. ‘మాయాబజార్‌లో లడ్డూలు వాటంతటవే నోట్లోకి వెళ్లాయి. 1957లో మాలో ఒక్కడైనా ఎలా వెళ్లాయని అడిగాడా?’ అని. అడగలేదు, నిజమే. అయితే ఆ తరమే బయటికొచ్చాక ‘అన్నీ కంప్యూటర్లో చేసేశారు, మాకాలంలో చేత్తో చేసేవాళ్లు’ అని పెదవి విరిచింది. జాతీయ అవార్డుల జ్యూరీ మాత్రం స్పెషల్ ఎఫెక్ట్స్‌కూ యాక్షన్ డైరెక్షన్‌కూ చెరొక అవార్డు ఇచ్చింది. తాటిచెట్టుకు కేంద్ర ప్రభుత్వ గుర్తింపు వచ్చినట్టే.

ఈ సందట్లో అసలు జవాబు సంగతి మరిచిపోయాం. కట్టప్ప ఎందుకు చంపాడు? రాజమాత శివగామి చంపమంది, చంపాడు. అంతే. నువ్వు చంపకపోతే నేనే చంపుతానందామె. అతని వంశం సింహాసనానికి బానిసత్వం రాసిచ్చింది, ఆ సింహాసనం నుంచి మాట వచ్చింది. తాను ఎత్తుకుని పెంచినవాణ్ణి వెనకనుంచి పొడిచాడు. పొడిచాక, ఇదంతా బిజ్జలదేవుడూ అతని కొడుకు భల్లాలదేవుడూ ఆడించిన నాటకమని తెలిసింది. సరే, తెలిశాక ఏం చేశాడు? శివగామికి నిజం చెప్పాడు. ఆ తర్వాత పాతికేళ్లు అదే భల్లాలదేవుడి దగ్గర కొలువు చేశాడు. బాహుబలి భార్య దేవసేన గొలుసులతో నడివాకిట్లో పుల్లలు ఏరుకుంటూ ఉంటే, ఆ పక్కనుంచే రోజూ డ్యూటీకి వెళ్లాడు.

దీనిమీద వచ్చిన అభ్యంతరాలెన్ని? నేను వెతికాను. ‘పాపం కట్టప్ప’ అన్న మాట తప్ప ఇంకేమీ దొరకలేదు. చెట్టు ఒక్క క్షణం వంగితే నమ్మలేకపోయినవాళ్లం, మనిషి పాతికేళ్లు వంగి ఉంటే కళ్లు తుడుచుకున్నాం. ఇంత పెద్ద జానపద సినిమాలో మనకు ఏమాత్రం అతిగా అనిపించని ఘట్టం అదొక్కటే. సేనాపతి సేతుపతి తల ఎగిరినప్పుడు హాలంతా లేచి నిలబడింది. ఆడవాళ్ల మీద చెయ్యి వేస్తే వేళ్లు కాదు, తల నరకాలని హీరో చూపించాడు. హీరో అలాంటి పని చేయొచ్చు. మనం హీరోలం కాదు కదా, మనకు పైనుంచి మాట వస్తుంది. అందుకే బాహుబలిని చూసి ఈల వేశాం, కట్టప్పను చూసి మాత్రం అర్థం చేసుకున్నాం.

2025 అక్టోబర్ 31న రెండు భాగాలూ కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’ అని మళ్లీ వదిలారు. మూడు ముప్పావు గంటల బొమ్మ. దేశం దాదాపు రెండేళ్లు మోసిన ప్రశ్నకు ఇప్పుడు కూర్చున్న కుర్చీలోనే జవాబు దొరికింది. మా కాలనీ నుంచి నలుగురం వెళ్లాం. అందులో ఒకాయన కలెక్టరేట్‌లో సూపరింటెండెంట్‌గా చేసి రిటైరైన పెద్దమనిషి. తిరిగొస్తుంటే కుర్రాళ్లు యథాప్రకారం తాటిచెట్టు ఎత్తుకున్నారు. ఆయన చాలాసేపు మాట్లాడలేదు.

‘అదంతా సరేనయ్యా. కట్టప్పదే తప్పు’ అన్నారు చివరికి.

ఇన్నేళ్లకు ఒక్కరు దొరికారని సంబరపడ్డాను. ‘అదే కదండీ నేననేది. చంపకుండా ఉండాల్సింది కదా!’

‘అది కాదు. నోటిమాట మీద ఎలా చంపుతాడు? రాతపూర్వకంగా అడగాలి కదా. రేపు ఎంక్వైరీ వేస్తే, నేను ఎప్పుడన్నానని ఆవిడంటే, ఇతని గతేంటి?’

‘మీరైతే ఏం చేసేవారు?’

‘ఫైలు పెట్టేవాణ్ణి. అమరేంద్ర బాహుబలిపై ఆరోపణలు, పూర్వాపరాలు, తగు ఉత్తర్వుల నిమిత్తం అని.’

‘ఫైలు ఎవరికి వెళ్తుంది? ఆవిడకే కదా.’

‘ఆవిడకే. చూసి సంతకం పెట్టాలి కదా. కోపంలో నోటితో అన్నమాట వేరు, సంతకం పెట్టడం వేరు. సగం ఫైళ్లు అక్కడే ఆగిపోతాయి.’

‘ఒకవేళ పెట్టేస్తే?’

ఆయన నావైపు చిన్నపిల్లాణ్ణి చూసినట్టు చూశారు.

‘సంతకం పెట్టాక ఇంకేముందయ్యా’ అన్నారు.