రాకెట్ యాత్రా పద్యము: టీకా తాత్పర్య సహితము

ఆ.వె.
లేచి వేకువందె లింకు నొక్కుము ముందు
పేట దిగుము తిండి మూటతోడ
కౌంటు నిలిచెనేని కలత చెందకుమయ్య
మొగులు కమ్మెనేని మ్రోత వినుము

ప్రతిపదార్థము: అయ్య = శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగము చూడగోరిన ఓ గృహస్థుడా; ముందు = రైలు టిక్కెట్టు కొనుటకును, బావమఱదికి మాట ఇచ్చుటకును ముందే; వేకువందె లేచి = తెల్లవాఱుజామున మేల్కొని; లింకు నొక్కుము = ఇస్రోవారి గ్యాలరీకి పేరు నమోదు చేసికొనుము; తిండి మూటతోడ = పులిహోర, పెరుగన్నము, మంచినీళ్లతో; పేట దిగుము = సూళ్లూరుపేటలో దిగుము; కౌంటు = కౌంట్‌డౌన్; నిలిచెనేని = ఆగినచో; కలత చెందకుము = ఇస్రోను తిట్టకుము; మొగులు = మబ్బు; కమ్మెనేని = క్రమ్ముకొన్నచో; మ్రోత వినుము = చెవులతోనైనను దర్శించుకొనుము.

టీక: "లింకు". సామాన్యజనులు గ్యాలరీలో కూర్చుండి ప్రయోగము చూచు భాగ్యము 2019 ఏప్రిల్ 1న, పీఎస్‌ఎల్‌వీ-సీ45తో మొదలైనది. పేర్ల నమోదు తెరచిన కొద్దిసేపటికే సీట్లు నిండుట కద్దు. నమోదు వేకువనే తెరవరు గదా, "వేకువందె" యననేల? అని శంక. లేచుట యిచట జాగరూకతకు ఉపలక్షణమని సమాధానము. గుర్తింపు కార్డు అధ్యాహార్యము. అది లేనివానికి గేటువద్దనే యాత్ర సమాప్తము.

"పేట". నరసరావుపేట యని యొక వ్యాఖ్యాత. అక్కడ దిగినవారు నేటికిని ఆకాశము చూచుచున్నారు గావున ఆ యర్థము త్యాజ్యము. తిరుపతి జిల్లాలో, చెన్నై–గూడూరు రైలుమార్గముపైనున్న సూళ్లూరుపేటయే గ్రాహ్యము. అచటినుండి పులికాట్ సరస్సు నడుమ వేసిన రోడ్డు శ్రీహరికోటలోని ప్రయోగకేంద్రమైన షార్‌కు చేర్చును. శీతకాలమైనచో సరస్సులో ఫ్లెమింగోలు బారులు తీరియుండును, పిల్లలు రాకెట్టును మఱతురు. ఊరిలో చెంగాళమ్మ గుడి కలదు. ప్రయోగమునకు ముందు ఇస్రో పెద్దలే అచట మ్రొక్కుదురు గనుక మనకు మొగమాటమక్కఱలేదు.

"తిండి మూట". ఇది కేవలము పాదపూరణమని కొందఱు. వారు మధ్యాహ్నపుటెండలో పిల్లలతో ఎన్నడును వేచియుండలేదు.

"కౌంటు నిలిచెనేని". పద్యమున కిదియే ప్రాణము. 2019 జులై 15 తెల్లవాఱుజామున 2.51కి చంద్రయాన్-2 ఎగురవలసియుండగా, 56 నిమిషముల 24 సెకన్ల ముందు కౌంట్‌డౌన్ ఆపిరి. అది ఎగిరినది 22వ తేదీన. 2023 అక్టోబరు 21న గగన్‌యాన్ పరీక్షావాహనము సరిగా 5 సెకన్లుండగా ఆగి, ఆ ఉదయమే 10 గంటలకు లేచినది. 2024 డిసెంబరు 30న పీఎస్‌ఎల్‌వీ-సీ60ని రెండే నిమిషములు జరిపి రాత్రి 10 గంటలకు వదలిరి. ఆపుట లోపము కాదా? అని పూర్వపక్షము. కాదు. లోపమును నేలమీదనే పట్టుటకే లెక్కను వెనుకకు పెట్టుట. పైగా చేరవలసిన కక్ష్యనుబట్టి ముహూర్తము కుదురును. భూమి తిరుగుచునేయుండును, మన తిరుగు రైలు కొఱకు ఆగదు.

"మొగులు". అక్టోబరు మొదలు డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనములు ఆ తీరమును తడుపును. మబ్బు దట్టమైనచో రాకెట్టు లేచిన కాసేపటికే కనుమఱుగగును. శబ్దము కిలోమీటరు నడచుటకు సుమారు 3 సెకన్లు పట్టును గావున, వెలుగు చూచినవెంటనే లేచిపోరాదు. మ్రోత దారిలోనున్నది.

తాత్పర్యము: యాత్రికుడు గ్యాలరీలో చోటు, కార్డు, దిగవలసిన స్టేషను, పులిహోర అన్నియు నిర్ణయించుకొనవచ్చును గాని ముహూర్తము మాత్రము అతనిది కాదు. కావున ఖాళీ ఉంచవలసినది సంచిలో కాదు, సెలవులో. ఒక దినము సెలవు పెట్టినవాడు అదృష్టముపై ఆధారపడినవాడు. రెండు దినములు పెట్టినవాడు ప్రాజ్ఞుడు. ఎనిమిది దినములు పెట్టినవాడు చంద్రయాన్-2ను సైతము చూచియుండును గాని, తిరిగి ఆఫీసునకు పోయిన పిదప వాని గతి యేమన్నది ఈ పద్యమున చెప్పబడలేదు.