మా బావ, ఆయన రాసిన అమెరికన్లు

పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆ తర్వాత రెన్ అండ్ మార్టిన్, రోజూ పొద్దున్నే పక్కన డిక్షనరీ పెట్టుకుని హిందూ పేపర్లో సంపాదకీయం. ఇంత కష్టపడి నేర్చిన ఇంగ్లీషుని అర్ధరాత్రి పూట ఎవరో అమెరికావాడి పేరు మీద రాసిపెట్టే మనిషి ఈమధ్య ప్రతి చుట్టరికంలోనూ ఒకడు తేలుతున్నాడు. మాకు మా అక్క మొగుడు తేలాడు. కాపురం తణుకు.

ఏ పెళ్ళికెళ్ళినా మా పెద్దమ్మ అక్కని అడుగుతుంది. “మీ ఆయన ఏం చేస్తాడన్నావే?”

“రాస్తారు పెద్దమ్మా.”

“ఏ పేపర్లో?”

“పేపర్లో కాదు, పుస్తకాలు. కాకపోతే వాటి మీద ఆయన పేరుండదు.”

పెద్దమ్మ అక్క వంక కాసేపు జాలిగా చూసి, “పోన్లే అమ్మా, అన్నీ సర్దుకుంటాయి” అంటుంది.

మా బావ ఇలాంటివాటికి నొచ్చుకోడు. ఆయన దగ్గర మోరింగర్ ఉన్నాడు. “ప్రిన్స్ హారీ ‘స్పేర్’ ఎవరు రాశారనుకున్నావ్ బామ్మర్దీ? హారీనా? జె.ఆర్. మోరింగర్! పులిట్జర్ బహుమతి వచ్చినవాడు. అగస్సీ ‘ఓపెన్’ కూడా అతని చేతిదే” అంటాడు. ఆ చెప్పడంలో మోరింగర్, తనూ ఒకే ఆఫీసులో పక్క పక్క సీట్లన్నంత చనువు. మోరింగర్‌కి ఎంత ముడుతుందో నాకు తెలీదుగానీ, మా బావకి పదానికి మూడు సెంట్లు. అందులో పనిప్పించే సైటువాడి కమీషన్ పోవాలి. అసలు పని కావాలని అర్జీ పెట్టుకోవడానికే ‘కనెక్టులు’ కొనుక్కోవాలి. అర్జీకి కూడా స్టాంపు డ్యూటీ అన్నమాట.

పదాల లెక్కన డబ్బులిస్తే మనిషి ఏమవుతాడో చూడాలంటే మా బావని చూడాలి. ‘బికాజ్’ అని రాస్తే మూడు సెంట్లు. ‘డ్యూ టు ది ఫ్యాక్ట్ దట్’ అని రాస్తే పదిహేను. పదిహేను సెంట్లంటే తణుకు బస్టాండులో ఒక టీ. అందుకే మా బావ రాసిన అమెరికన్లలో ఒక్కడూ విషయం తిన్నగా చెప్పడు.

ఇక ఆర్టికల్స్ బాధ వేరు. మన భాషలో ఆ సరుకే లేదు కదా, పుట్టుకతో వచ్చినవాడికి ఆలోచించకుండా పడేది మా బావకి ఆలోచిస్తే గానీ పడదు. రాత్రి రెండింటికి బాల్కనీలో పచార్లు చేస్తూ “ఇక్కడ ‘ఎ’నా, ‘ది’నా?” అని గొణుక్కుంటూ ఉంటాడు. ఓ రాత్రి అక్క నిద్రకళ్ళతో లేచొచ్చి, “ఏది పెట్టినా మూడు సెంట్లే కదండీ, వచ్చి పడుకోండి” అంది.

పడుకోవడం ఎక్కడ? మనకి రాత్రి ఎనిమిదంటే న్యూయార్క్‌లో కాలాన్నిబట్టి పొద్దున తొమ్మిదిన్నరో పదిన్నరో. మనం భోజనాలకి లేచే వేళకి బావ క్లయింట్లు కాఫీ కప్పుతో కూర్చుంటారు. రోహిణీ కార్తెలో, కరెంటు పోయి ఇన్వర్టర్ కుయ్యిమంటుంటే, భుజాన తువ్వాలుతో చెమట తుడుచుకుంటూ ‘ఇంటి ముందు మంచు ఎత్తిపోసేటప్పుడు నడుం పట్టకుండా ఉండాలంటే’ అన్న వ్యాసం రాశాడు మా బావ. ఫ్రిజ్‌లో ఐసు తప్ప మంచు చూసినవాడు కాదు. గోల్ఫ్ మీద రాశాడు. కుక్కల మానసిక స్థితి మీద రాశాడు, వీధి చివర కుక్క ఉందంటే సందు మార్చి వెళ్ళే మనిషి. భార్య మాట శ్రద్ధగా వినడమెలా అన్న విషయం మీద ఏకంగా ముప్ఫై వేల పదాల పుస్తకం రాశాడు. ఆ నెలంతా చెవుల్లో హెడ్‌ఫోన్లే. పాలవాడొచ్చాడని అక్క చెప్పాలంటే భుజం పట్టుకుని కుదపాల్సొచ్చేది.

ఈ వృత్తి వల్ల ఇంట్లో మాట కూడా మారింది. కందిపప్పు, పావుకేజీ చింతపండు తెమ్మని అక్క వాట్సాప్ పెడితే, ‘నోటెడ్, విల్ సర్కిల్ బ్యాక్’ అని జవాబు. “సర్కిల్ తర్వాత కొడుదురుగాని, ముందు పప్పు తెండి” అని అక్క ఫోను. నా పెళ్ళి శుభలేఖ ప్రూఫు చూడమని ఇస్తే ఇంగ్లీషు వైపు పదిహేడు తప్పులు పట్టి, తెలుగు వైపు ముహూర్తం తప్పు పడితే వదిలేశాడు. అది నేనింకా మర్చిపోలేదు.

“బావా, మనం వాళ్ళకి ఇంగ్లీషు రాసిపెట్టడమేంటి?” అన్నానోసారి. అనకూడని మాట. అరగంట కూర్చోబెట్టాడు. జోసెఫ్ కాన్రాడ్ పోలండువాడనీ, ఇరవై దాటాక గానీ ఇంగ్లీషు పట్టుబడలేదనీ మొదలుపెట్టి, ప్రపంచం మొత్తానికీ ఇంగ్లీషు దిద్దిపెట్టే గ్రామర్లీని 2009లో పెట్టింది ముగ్గురు ఉక్రెయిన్‌వాళ్ళనీ ముగించాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో వెలుగు చూసి నాక్కూడా ఎందుకో ఛాతీ పొంగింది.

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చింది. కొందరు క్లయింట్లు మాటా పలుకూ లేకుండా మాయమయ్యారు. మిగిలినవాళ్ళకి అనుమానం పట్టుకుంది. తెల్లవార్లూ కూర్చుని రాసి పంపితే, ఎవడో డిటెక్టర్‌లో పడేసి “ఇది యంత్రం రాసింది” అన్నాడు. ఆ రోజు బావ అన్నం తినలేదు. తర్వాత 2023లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళ అధ్యయనం ఒకటి దొరికింది. ఇంగ్లీషు పరాయిభాష అయినవాళ్ళు స్వయంగా రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా ఇలాంటి డిటెక్టర్లు యంత్రం ఖాతాలో వేశాయట. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల్ని మాత్రం దాదాపు సరిగ్గానే పోల్చుకున్నాయట. బావ అది ప్రింటు తీసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. ఇంటికొచ్చినవాళ్ళందరూ, గ్యాస్ సిలిండర్ కుర్రాడితో సహా, చదవాలి.

ఇన్నేళ్ళూ ఏరి ఏరి తప్పులు తీసిన మనిషి అప్పట్నుంచి కావాలని తప్పులు పెడుతున్నాడు. అదీ తేలిగ్గా కాదు. ఏ ‘ది’ లేపేస్తే అమెరికావాడి పొరపాటులా ఉంటుంది, ఏది లేపేస్తే తణుకు పొరపాటులా ఉంటుంది అని మళ్ళీ బాల్కనీలో పచార్లు. “నన్ను రాయమనండి, సహజంగా వస్తాయి” అంది అక్క.

అన్నట్టు, ఊళ్ళో ఎమ్మెస్‌కి వెళ్ళే పిల్లలు తమ గురించి రాసుకోవాల్సిన ఎస్ఓపీలన్నీ బావ చేతిమీదుగానే వెళ్తాయి. వాటికి పైసా తీసుకోడు. ఆత్రేయపురం పూతరేకుల డబ్బా ఇస్తే కాదనడు. కాకపోతే వాటిల్లో ఆ పిల్లలందరూ చిన్నప్పుడు తాతగారి రేడియో విప్పి మళ్ళీ బిగించినవాళ్ళే. ఆ రేడియో మా తాతయ్యది. విప్పింది నేను. బిగించలేకపోయాను కూడా.

రేడియోతో ఆగితే ఊరుకునేవాణ్ణి. పోయిన సంక్రాంతికి బావ నన్ను పక్కకి పిలిచి, “నీకొక్కడికే చూపిస్తా, ఎవరికీ చెప్పకు, అగ్రిమెంటుంది” అంటూ ల్యాప్‌టాప్ తిప్పాడు. పోస్టు పైన పేరు కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు. చెయ్యి పక్కనుంచి టై కట్టుకున్న ఓ బట్టతల కనిపిస్తూనే ఉంది. ఒహాయోలో ఏదో కంపెనీ అధిపతి, వాళ్ళ గ్రాండ్‌మాని తల్చుకుంటున్నాడు. ఆవిడ ఏటా పీచ్ పళ్ళ జామ్ పెట్టేదట. ఓ రాత్రి గ్రాండ్‌పా రాబర్ట్ తడి చెంచా పెట్టేసరికి జాడీ బూజు పట్టిందట. ఆవిడ పల్లెత్తు మాటనలేదట. ఆ ఏడాదంతా ఆయన ఒక్కడికీ ఆ జాడీలోంచే పై బూజు తీసేసి వడ్డించిందట. బాధ్యత అంటే ఏమిటో తను ఆ డైనింగ్ టేబుల్ దగ్గరే నేర్చుకున్నాడట. కింద లైకులే లైకులు.

అది జామ్ కాదు, ఆవకాయ. ఆ గ్రాండ్‌మా మా అమ్మమ్మ. రాబర్ట్ మా రామ్మూర్తి తాతయ్య. బాధ్యతా గీధ్యతా ఏమీ లేదు, కేవలం కక్ష. అంతకుముందు సంక్రాంతికి గారెలు తింటూ నేనే చెప్పాను బావకి.

“బావా, ఇది మా ఇంటి కథ!”

“బాగుందా లేదా చెప్పు.”

బాగుంది. అదే నా ఏడుపు. మా అమ్మమ్మ మూతి తిప్పుడు దగ్గర్నుంచీ దిగింది ఇంగ్లీషులో. ఆవిడ బతికుండగా మాలో ఒక్కడూ ఆవిడ గురించి నాలుగు వాక్యాలు రాయలేదు. బావ రాశాడు, ఇరవై నాలుగు డాలర్లకి.

మా అమ్మమ్మ కథలు నా దగ్గర ఇంకో నాలుగున్నాయి. అవి నేనే రాసుకుంటాను, తెలుగులో, నా పేరుతోటే. ఈలోగా మీరెవరైనా తణుకు వెళ్తే మా బావతో గోల్ఫ్ గురించి మాట్లాడండి, మంచు గురించి మాట్లాడండి. మీ ఇంటి ముసలాళ్ళ ఊసు మాత్రం ఎత్తకండి.