జీపు కొనండి, సగం పీకేయండి

హాట్ రాడ్, అంటే అక్కర్లేనిదంతా పీకేసి ఇంజన్‌కు బలం పెంచిన పాత బండి, కట్టాలని ముచ్చటపడే పామూరు కుర్రాళ్లకు అందరూ చెప్పే మాట ఒకటే: అమెరికా నుంచి పాత ఫోర్డు బాడీ తెప్పించుకోండి, లేదంటే ఆ మోజు మానుకోండి. రెండూ వినొద్దు. కనిగిరి రోడ్డు దిగి పల్లెల్లోకి వెళ్లి కాస్త వెతికితే పొగాకు బ్యారన్ పక్కనో, యాపచెట్టు కిందో టైర్లు నేలలో కూరుకుపోయిన జీపు ఒకటి దొరుకుతుంది. మీరు వెతుకుతున్న పాత అమెరికా బండి అదే.

కాలిఫోర్నియా కుర్రాళ్లు మొదట్లో చేసిందీ ఇదే. 1908 నుంచి 1927 దాకా ఫోర్డు కంపెనీ కోటిన్నర మోడల్ టీ కార్లు వదిలింది. వాడి పారేసినవి పాత ఇనప సామాను ధరకే దొరికేవి. మడ్‌గార్డులు, టాపు, వెనక సీటు పీకేసి, ఇంజన్‌కు బలం పెంచి, మురాక్ అనే ఎండిన చెరువు నేల మీద పందేలు వేసుకునేవాళ్లు. 1932లో ఫోర్డు చవక కారులో వీ8 ఇంజన్ పెట్టాక దాని వెంట పడ్డారు. అప్పట్లో వాళ్లకు అవి గొప్ప కార్లేమీ కావు, చేతికందిన కార్లు. మన చేతికందింది జీపు. 1947లో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులు తెప్పించి ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. తర్వాత ఇక్కడే తయారైన ఎత్తు బానెట్ సీజే-3బీ కొన్ని దశాబ్దాల పాటు బస్సు పోని ఊళ్లకు దిక్కయింది.

అమెరికా బండిని మన అవసరానికి మార్చుకోవడం మన జిల్లాలకు కొత్త కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను పెట్టినప్పుడు బస్సుల వెనక బొగ్గు పొయ్యి బిగించి, ఆ గ్యాసుతో నడిపారు. ఫోర్డు, షెవర్లే చాసిస్‌ల మీద ఇక్కడి వడ్రంగులు చెక్క బాడీలు కట్టారు. వాళ్లెవరూ కంపెనీ పుస్తకం తిరగేస్తూ కూర్చోలేదు.

ఇక కొనడం. నడిచే జీపు కొనొద్దు. నడిచే బండిని విప్పడానికి మనసొప్పదు, ఇంట్లోవాళ్లూ ఒప్పుకోరు. ఇంజన్ పట్టేసిందే కొనండి. ఆర్‌సీ ఉండాలి, చాసిస్ నంబరు అందులో ఉన్నదే కావాలి. ఆ తర్వాత బండి కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, డ్రైవరు సీటు వెనక భాగంలో చాసిస్‌ను వేళ్లతో తడమండి. ఇటు పల్లెల్లో ప్యాసింజర్లను తోలిన జీపుల్ని చాలావాటిని కోసి, మధ్యలో ముక్క అతికి పొడుగు చేశారు. వెల్డింగ్ గీత చేతికి తగిలితే ఎంత చవకగా ఇచ్చినా ఆ బండి వద్దు. ఒరిజినల్ సీజే-3బీలో ముందు చక్రం నడిమి నుంచి వెనక చక్రం నడిమికి 80 అంగుళాలు. టేపు పెట్టి రెండు పక్కలా కొలవండి. రెండు కొలతలూ ఒకటిగా లేకపోతే చాసిస్ వంకరపోయిందనో, యాక్సిల్ పక్కకు జరిగిందనో అర్థం.

ఒక్క బండిని మాత్రం ముట్టుకోవద్దు. యుద్ధకాలంలో విల్లీస్‌తో పాటు ఫోర్డు కూడా 2,70,000కు పైగా జీపులు చేసింది. వాటి బోల్టుల తలల మీద, బ్రాకెట్ల మీద ‘ఎఫ్’ అక్షరం అచ్చు వేసి ఉంటుంది. తుప్పు గీకినప్పుడు అది బయటపడితే గీకడం ఆపేసి, దాన్ని ఉన్నదున్నట్టు నిలబెట్టేవాళ్లకు ఇచ్చేయండి.

ఇప్పుడు చెప్పబోయేది వింటే జీపు ప్రియులు నా మీదికి వస్తారు. ముందు చక్రాల డ్రైవు తీసేయండి. జీపంటేనే ఫోర్ వీల్ కదా అంటారు. మనకు మంచు లేదు, కొండదారి లేదు. కంది కోసిన ఎర్రచేలోకి టూ వీల్ జీపు నిక్షేపంగా వెళ్తుంది. ముందు డిఫరెన్షియల్, ముందు షాఫ్టు పోతే బండి ముక్కు తేలికవుతుంది. ఇంకో లాభం దీనికంటే పెద్దది. సీజే-3బీ క్రౌన్ పినియన్ నిష్పత్తి 5.38. అంటే 80 కిలోమీటర్ల వేగంలో ఇంజన్ నిమిషానికి దాదాపు 3,200 చుట్లు తిరగాలి. ఆ చుట్లు తగ్గాలంటే క్రౌన్ పినియన్ మార్చాలి. ఫోర్ వీల్ ఉంచుకుంటే ముందు, వెనక రెండు జతలూ మార్చాలి. అది లేకపోతే వెనక ఒక్కటి మారిస్తే సరిపోతుంది. ముందు భాగానికి టూ వీల్ జీపుల సాదా యాక్సిల్ వేయండి. బండి కిందికి దిగాలని యాక్సిల్‌ను ఎర్రగా కాల్చి వంచొద్దు. స్టీరింగ్ రాడ్డుకు వెల్డింగ్ పెట్టనివ్వొద్దు. దించడమంతా కమాను పట్టీల దగ్గరే చేసుకోవాలి.

డీజిల్ ఇంజన్ ఉంటే అది కూడా దించేసి, పాత పెట్రోలు ఇంజన్ వెతికి పెట్టండి. మైలేజీ ఎంతని అడిగేవాళ్లకు జవాబు చెప్పలేరు, చెప్పక్కర్లేదు కూడా. ట్రాక్టరు జాతి డీజిల్ ఇంజన్ బరువైనది, పైచుట్లకు పోనంటుంది. నేను వెతకమన్న పెట్రోలు ఇంజన్ సీజే-3బీలోని 2.2 లీటర్ల హరికేన్. అందులో పెట్రోలు పీల్చే వాల్వు హెడ్‌లో, పొగ వదిలే వాల్వు బ్లాకులో ఉంటాయి. అలా ఇంజన్ పొడుగు పెరగడం వల్లే సీజే-3బీ బానెట్ అంత ఎత్తు లేచింది. బోర్ వేయించి, హెడ్ ఫేసింగ్ చేయించి, కార్బొరేటర్ శుభ్రంగా కడిగి బిగిస్తే దాని గొంతు వినడానికే పొద్దున లేవాలనిపిస్తుంది.

పాత ఫోర్డు వీ8 ఇంజన్ ఎందుకు వద్దంటున్నానో ఇక్కడే తెలుస్తుంది. అందులో పొగ దారి బ్లాకు మధ్య నుంచి మొదలై, నీళ్ల జాకెట్ల గుండా సాగి బయటి పక్కకు వస్తుంది. ఆ వేడంతా నీళ్లకు ఎక్కుతుంది. చల్లటి దేశాల్లోనే మరిగిపోతుందని పేరు మోసిన ఇంజన్, మన మే నెల మధ్యాహ్నం ఏం నిలబడుతుంది? జీపు ఇంజన్‌లో నాలుగు సిలిండర్లూ ఒకే వరస, పొగ దారి పక్కనే పొట్టిగా బయటపడుతుంది. అయినా సరే, రేడియేటర్ కొత్త కోర్ వేయించుకోండి. మన బోరు నీళ్లు మాత్రం పోయొద్దు. ఆ ఉప్పు రెండేళ్లలో గొట్టాలన్నీ పూడ్చేస్తుంది. కూలెంటు కలిపిన శుద్ధి నీళ్లే పోయండి.

రంగు వేయించొద్దు. డబ్బంతా టింకరింగు షెడ్డుకు పోసి బ్రేకుల దగ్గర పిసినారులయ్యేవాళ్లే ఎక్కువ. రెడ్ ఆక్సైడ్ మీదే తిరగండి. మిగిలిన డబ్బుతో నాలుగు డ్రమ్ములూ లేత్ పట్టించి, వీల్ సిలిండర్లు, గొట్టాలు కొత్తవి వేయించుకోండి. జీపు పొట్టి బండి, వెడల్పు తక్కువ, బరువు పైన ఉంటుంది. మలుపులో తిరగబడే గుణం దాని పుట్టుకలోనే ఉంది. సీటు బెల్టూ, తల వెనక రోల్ బారూ లేకుండా సెల్ఫ్ కొట్టొద్దు.

చట్టం సంగతి చివరికి మిగిల్చాను గానీ అది చిన్నదేం కాదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్వరూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. 2021లో కేంద్రం 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చింది, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కానీ చాసిస్, బాడీ, ఇంజన్ మార్చిన బండికి అది దక్కదు. ఆ గౌరవం వదులుకోండి. వీఏ పలకతో గుడ్డ కప్పి దాచుకునే జీపు కంటే, సొంత చేలో దుమ్ము రేపే జీపే నాకు విలువైనది. ఇంజన్ మార్పు కోసం ముందే రవాణా శాఖ ఆఫీసులో అర్జీ పెట్టండి, వాళ్లు ఒప్పుకున్నంత వరకే రోడ్డు మీద చూపండి. వాళ్లు ఒప్పుకోని మార్పులున్న బండిని ట్రాలీ మీద ఎక్కించి చేనికి తీసుకుపోండి. కంది కోతలయ్యాక, మోళ్లు ఏరేసిన సొంత నేల మీద, చుట్టూ పిల్లలూ గొర్రెలూ లేని వేళ చూసి మొదటిసారి తోలండి. మొదట రెండో గేరులో నడిపి, నాలుగు చక్రాలూ ఒకేసారి పట్టేదాకా బ్రేకులు సరిచేసుకుని, ఆ తర్వాతే మూడోది వేయండి.