తవిటమ్మ డిపాజిట్

మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే యాభై వేలు ఫిక్స్‌డ్ డిపాజిట్, మగపిల్లాడు పుడితే ఆవు. 2025 మహిళా దినోత్సవం నాడు విజయనగరం ఎంపీ గారు తన జీతంలోంచి ఇస్తానన్న ఈ కానుకల మీద నలుగురూ నాలుగు రకాలుగా మాట్లాడుకున్నారు. జనాభా తగ్గిపోతోందని ఒకరు, ఎంపీ జీతానికి ఎన్ని ఆవులొస్తాయని ఇంకొకరు. ఇంత గొడవలో అసలు పని ఎవరికీ పట్టలేదు. ఆ పిల్లకు పేరేం పెడదాం?

మార్చిలో మాటిస్తే డిసెంబరుకల్లా మొదటి బ్యాచ్ దిగుతుంది. ఇరవయ్యొకటో రోజున బారసాల. పుట్టిన సంగతి మునిసిపాలిటీలో రాయించడానికి గడువు కూడా 21 రోజులే. శాస్త్రమూ చట్టమూ ఒక లెక్క మీద కుదరడం మన దేశంలో తరచుగా జరిగేది కాదు, కాబట్టి ఆలోగానే తేల్చేయాలి.

ఈ కానుకల ఆలోచన పాతకాలపుది కాబట్టి పేరు కూడా పాతదే కావాలని నా పట్టు. పైగా ఇప్పుడు పాత పేర్లదే ఫ్యాషన్. గేటెడ్ కమ్యూనిటీల్లో అన్వికలూ ఆద్యలూ పాతబడిపోయి జానకి, సుభద్ర, మైథిలి ఊయల ఎక్కుతున్నారు. కానీ అవి ఎదురుచూసి కన్న పిల్లకు పెట్టుకునే పేర్లు. డిపాజిట్ మీద పుట్టే పిల్లకు నప్పవు. 'చాలమ్మ' అందామంటే ఎంపీ గారి మాటకు ఎదురు చెప్పినట్టవుతుంది. 'ఇంకమ్మ' అందామంటే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు తలుపు కొడతారు.

చివరికి దొరికింది: తవిటమ్మ.

ఉత్తరాంధ్ర వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ ఏ ఊరి ఓటర్ల జాబితా తిరగేసినా తవిటయ్యలూ తవిటినాయుళ్లూ పలకరిస్తారు. పుట్టిన పిల్లలు దక్కకుండా పోతుంటే, తర్వాత పుట్టిన బిడ్డను పొరుగావిడ చేతిలో పెట్టేసి, కాస్త తవుడు పోసి మళ్లీ కొనుక్కునేవారు. తవుడు ఖరీదు చేసే బిడ్డ మీద యముడి కన్ను పడదని ఆశ. ఆ తవుడే పేరైపోయేది. పిల్లకు వెలకట్టి పేరు పెట్టే ఆచారం విజయనగరానికి కొత్త కాదన్నమాట. అప్పుడు చేటెడు తవుడు, ఇప్పుడు యాభై వేలు. ధరలు పెరిగాయి మరి.

పేరులో ఇంకో సుఖం ఉంది. పక్కింట్లో మూడోవాడు మగపిల్లాడై వాళ్ల పెరట్లోకి ఆవు వచ్చిందనుకోండి. తవిటమ్మ తల్లి గుమ్మంలో నిలబడి "తవుడూ!" అని కేకేస్తే పిల్ల కన్నా ముందు ఆవు తల తిప్పి చూస్తుంది. రెండు కానుకలకూ ఒకే పిలుపు.

ముద్దుపేరు గురించి పెద్దగా ఆలోచించలేదు. బుజ్జి, చిట్టి, అమ్ములు బ్యాంకు పుస్తకంలో చెల్లవు. ఎఫ్‌డీ అని పిలిస్తే సరి. "ఒలే ఎఫ్‌డీ, లెగు, బడికేలైపోనాది" అంటే నాయనమ్మ నోటికి కూడా బాగానే తిరుగుతుంది. ఈ కానుక రాకముందే పుట్టేసిన అక్కలిద్దరూ చిన్నబుచ్చుకుంటారు కాబట్టి పెద్దదాన్ని సేవింగ్స్ అనీ, రెండోదాన్ని కరెంటనీ పిలుద్దాం.

బారసాల నాడు పళ్లెంలో బియ్యం బదులు తవుడు పోయాలి. తండ్రి బంగారపుటుంగరంతో పేరు రాయబోతే తవుడు ఉంగరానికి అంటుకుని 'త' తర్వాత అక్షరం నిలవదు. ఫర్వాలేదు, పిల్ల చెవిలో మూడుసార్లు ఖాతా నంబరు చెబితే చాలు. ఆ పని మేనమామది కాదు, బ్యాంకు మేనేజరుది. నామినీ గడి దగ్గర మాత్రం అమ్మమ్మకీ నాయనమ్మకీ మాటామాటా పెరుగుతుంది, ఊరి పెద్దలు సర్దిచెప్పాలి.

ఆపైన అసలు సంబరం. మన ఇళ్లలో పిల్ల పెద్దమనిషి అయితే 'మెచ్యూర్ అయింది' అంటారు. బ్యాంకులో డిపాజిట్‌కీ అదే మాట. రెండింటికీ ఒకే కార్డు వేసి, ఒకే షామియానా కింద కానిచ్చేయొచ్చు. అక్షింతలు వేసిన ప్రతివాడూ తండ్రి చెవిలో అడిగేదీ ఒకటే కదా: వడ్డీతో కలిపి పెళ్లికి ఎంతైంది?

గురజాడ 'కన్యాశుల్కం' మొదటిసారి 1892లో ఆడింది ఈ విజయనగరంలోనే. చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకు డబ్బుకి కట్టబెట్టబోయే కథ చూసి ఆ ఊరు నవ్వింది, సిగ్గుపడింది కూడా. ఇక పేరు సంగతంటారా, 2011లో మహారాష్ట్రలోని సతారా జిల్లాలో 285 మంది ఆడపిల్లలకు సర్కారే కొత్త పేర్లు పెట్టించాల్సి వచ్చింది. అంతకుముందు వాళ్లను పిలిచిన నకుశా అనే పేరుకు అక్కర్లేనిది అని అర్థం. తవుడు పోసి కొన్న తల్లి అలా కాదు. అక్కర్లేనట్టు నటించింది యముడి ముందు, అదీ బిడ్డ బతకాలని. యాభై వేలకు అంత ప్రేమ లేదు. అది ఎక్స్‌గ్రేషియా. ప్రమాదం జరిగిన ఇంటికి వెళ్లి చేతిలో పెట్టే చెక్కు. మగపిల్లాడి ఇంటికి పరిహారం అక్కర్లేదు, పండగ చేసుకుంటారు, అందుకే పాలిచ్చే ఆవు. ఈ తేడా మహిళా దినోత్సవం నాడే మైకులో చెప్పారు.

ఇంతకీ కనేదెవరు? చిన్న కుటుంబం చింతల్లేని కుటుంబమని గోడలన్నీ నింపిన రోజుల్లో ఆపరేషన్ బల్ల ఎక్కింది ఆవిడే, మొగుడు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరు దాటితే పంచాయతీకి పోటీ చేయనివ్వమన్న నిబంధన 2024 నవంబరు దాకా ఉంది. దాన్ని ఎత్తేసి నాలుగు నెలలు తిరక్కుండానే మూడోది కనమన్నారు, అదీ ఆవిడకే. రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లేననీ, నూటికి 58 మందికి పైగా ఆడవాళ్లకు రక్తం తక్కువనీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆ రక్తంతో, రెండు కోతలు పడ్డ ఆ పొట్టతో మూడోసారి బల్ల ఎక్కమనడానికి, ఎంపీ గారూ, మీకు నోరెలా వచ్చింది? పాడి రైతు కూడా ఈతకీ ఈతకీ మధ్య గొడ్డుకు ఊపిరి తీసుకోనిస్తాడు. జీతంలోంచి ఇవ్వదలిస్తే డిపాజిట్లు వద్దు. కాన్పు గదిలో ఆవిడకు రక్తం కావాల్సి వచ్చిన రాత్రి మొగుడు సీసా కోసం ఊరూరా ఫోన్లు చేస్తూ తిరక్కుండా, ముందు అక్కడ రక్తం ఉండేట్టు చూడండి. మూడోది కనాలో వద్దో ఆవిడ చెబుతుంది.