వానపాముల జోలికి పోవద్దు

పీహెచ్‌డీ అంటే ల్యాబు, ఫీల్డు, గైడు. మధ్యలో బడి ఎందుకొచ్చింది అంటారా? ఆ పాపం అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ది. 1999లో జీకే-12 అనే పథకం పెట్టి, సైన్సులో పరిశోధన చేస్తున్నవాళ్లకు ఫెలోషిప్పు ఇచ్చి, వారంలో కొన్ని గంటలు దగ్గర్లోని బడికి వెళ్లి టీచరుతో కలిసి పనిచేయమంది. తర్వాతి రోజుల్లో ఏడాదికి 30 వేల డాలర్లు ఇచ్చారు. అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకే లెండి. ఎఫ్-1 వీసా మీద వెళ్లిన మనవాళ్లకు ఆ గండం తప్పింది. పథకం ఆగిపోయింది గానీ, పరిశోధకులను బడికి తోలాలనే బుద్ధి మాత్రం ఎక్కడా పోలేదు. రేపు మీకే పిలుపు రావచ్చు. పరువు దక్కాలంటే ఈ సలహాలు దగ్గర పెట్టుకోండి.

గైడు ముందు చూపించిన అరవై స్లైడ్లే ఏడో తరగతికీ చాలు. ఒక్కటీ తీయొద్దు. నిధులిచ్చిన సంస్థల ముద్రలతో మొదలుపెట్టి నేరుగా పీ-వాల్యూలోకి దిగండి. పిల్లలు ఆవలిస్తున్నారంటే విషయం అంత లోతుగా ఉందన్నమాట.

టీచరమ్మను ఏమీ అడగొద్దు. ఏ ఇద్దరిని పక్కపక్కన కూర్చోబెడితే కొంప మునుగుతుందో ఆవిడకు తెలుసు, నిజమే. కానీ మీకు నైట్రోజన్ చక్రం తెలుసు. యాభై నిమిషాల పీరియడుకు గంటన్నర ప్రయోగం పట్టుకెళ్లండి. గంట కొట్టగానే బురద ట్రేలు సింకులో వదిలేసి వచ్చేయండి. కడగడానికి ఆవిడ ఉన్నారుగా.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్లల్ని బయటికి తీసుకెళ్లొద్దు. మిషిగన్ నైరుతి మూలన హికరీ కార్నర్స్ దగ్గర మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ వారి కెల్లాగ్ బయలాజికల్ స్టేషన్ ఉంది (అవును, కార్న్‌ఫ్లేక్స్ కెల్లాగే). అక్కడి జీకే-12 వాళ్లు ఈ తప్పే చేశారు. ఇంధనానికి పనికొచ్చే గడ్డి మళ్లను చుట్టుపక్కల బళ్ల ఆవరణల్లోనే వేయించారు. ఇక పిల్లలు కిటికీలోంచి చూడకుండా ఉంటారా?

అక్కడి నేలలో ఇంకో చిక్కుంది. గాలన్ నీళ్లలో మూడో వంతు కప్పు ఆవపిండి కలిపి, ఆకులు పక్కకు తీసిన అడుగు చదరం నేల మీద నెమ్మదిగా పోస్తే, చర్మం మండి వానపాములు ఒకదాని వెనక ఒకటి పైకొస్తాయి. వాటిని ఏరి, మంచినీళ్లలో కడిగి, స్కేలు పక్కన పెట్టి కొలుస్తారు. మనం ఊరగాయలో వేసుకునే ఆవపిండితో క్లాసు మొత్తం నేల మీద బోర్లా పడుకుంటుంది. ఇలాంటి క్రమశిక్షణారాహిత్యం మీ చేతుల మీదుగా జరగాలా?

అక్కడితో అయిపోతే బాగుండు. వానపాము రైతు నేస్తం అని పిల్లలు అప్పటికే చదువుకుని ఉంటారు. కానీ మిషిగన్‌ను మంచుయుగంలో హిమానీనదాలు కప్పేశాయి, పాత వానపాములు మిగల్లేదు. ఇప్పుడు అక్కడున్న వానపాములు చాలావరకు యూరప్ నుంచి మొక్కల వేళ్ల మట్టితో, ఓడల్లో బరువుకు పోసిన మట్టితో వచ్చినవి. అడవిలో రాలిన ఆకుల పొరను అవి తినేస్తుంటే, ఆ పొరను నమ్ముకున్న మొక్కలు దెబ్బతింటున్నాయి. ఇది నోరు జారి చెప్పారో, వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు లేచి, “పొలంలో మంచిదైతే అడవిలో చెడ్డదెలా అవుతుంది సార్?” అంటాడు. జీవావరణ శాస్త్రం సగం ఆ ప్రశ్నలోనే ఉంది. కాబట్టి వెంటనే కూర్చోబెట్టండి. “నాకూ పూర్తిగా తెలియదు, చూద్దాం పద” అనే మాట మాత్రం చచ్చినా అనొద్దు.

లెక్కల విషయానికొస్తే, ఒక జట్టుకు మూడు వానపాములు, పక్క జట్టుకు పదిహేడు వస్తాయి. అడుగున పేరుకున్న ఆవపిండిని ఒకరు కలిపి పోశారా, ఇంకొకరు పైతేట మాత్రమే పోశారా అని ఆరా తీయకండి. రెండూ చెరిపేసి, అందరిచేతా పది అని రాయించండి. కెల్లాగ్ స్టేషన్‌లో ఇలా చేయకపోవడం వల్లే 2011లో డేటా నగెట్స్ అనేవి పుట్టుకొచ్చాయి: శాస్త్రవేత్తల అసలు లెక్కల్ని, వాటి అడ్డదిడ్డాలతో సహా, పిల్లల ముందు పెట్టి, గ్రాఫు గీసి నీకేమనిపిస్తోందో ఆధారంతో చెప్పమంటారు. పిల్లలు చెప్పేస్తున్నారు కూడా. మన డిగ్రీలకు విలువేం మిగిలింది?

బడికి పోతే పరిశోధన చెడుతుందని మీ గైడు అంటే వెంటనే తలూపండి. 2011లోనే ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. పరిశోధనతో పాటు పాఠాలూ చెప్పిన విద్యార్థులు, పరిశోధన మాత్రమే చేసినవాళ్ల కంటే పరీక్షించి చూడగల పరికల్పనలు రాయడంలో, ప్రయోగాలు రూపొందించడంలో ఎక్కువ మెరుగుపడ్డారట. ఆ పేజీని గైడు కంటపడనీయకండి. ఫౌండేషన్ వారి తెలివి చూడండి: అదే ఏడాది బడ్జెట్ ప్రతిపాదనలో జీకే-12 కు మంగళం పాడేశారు.

చివరికి నివేదిక రాయాలి. ఎంతమంది విద్యార్థులకు సైన్సు అందించారు అన్న గడిలో బడి మొత్తం సంఖ్య వేయండి. భోజనాల గదిలో మిమ్మల్ని చూసి, కొత్త బస్సు డ్రైవరనుకున్న పిల్లలూ అందులోకే వస్తారు.